పసుపు ఇల్లు, నిశ్శబ్దపు కూడలి

మన తెలుగు దేశంలో ప్రతి పట్టణానికీ ఒక కూడలి ఉంటుంది. కొన్ని ఊళ్లలో దానిని గాంధీబొమ్మ సెంటరు అంటారు. కొన్నిచోట్ల అది గడియార స్తంభం సెంటరు, మరికొన్నిచోట్ల చౌరస్తా. కొత్తగా వచ్చినవారికి దారి చెప్పవలసినా, బస్సు దిగవలసిన చోటు గుర్తు చేయవలసినా మొదట నోటికి వచ్చేది ఆ పేరే. అయినప్పటికీ ఆ కూడలిలోని మేడలెన్ని, వాటి తలుపుల రంగేమిటి అని ఎవరైనా అడిగితే, ముప్పై ఏండ్లుగా దాని మీదుగా నడిచినవారు సైతం తడుముకొనక తప్పదు. నిత్యమూ కంటబడే దానిని మనం నిజానికి చూడము.

అండమాన్ ద్వీపాలలో ఉద్యోగరీత్యా నివసించే మన కుటుంబాలకు ఇట్టి కూడలి అబర్డీన్ బజారు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిరుకు అది నడిబొడ్డు. మొదటి ప్రపంచ యుద్ధపు స్మారకంగా నిలిచిన గడియార స్తంభం దానికి ఆనవాలు. కూరగాయలకు వెళ్ళినా, పిల్లల పుస్తకాలకు వెళ్ళినా ఆ స్తంభం పక్కనుంచే పోవలసి ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపవాసులలో దాదాపు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు కావడం వల్ల, ఆ బజారులో మన మాట చెవిన పడడం కూడా వింత కాదు. అయినా ఆ కూడలి ఏ రంగులో ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి ముందు, ఇంతకంటె సామాన్యమైన ఒక కూడలిని ఒక చిత్రకారుడు చూచిన తీరును తెలుసుకొనడం ఉచితంగా ఉంటుంది.

కూడలికి వచ్చిన పరదేశి

ఆ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో. హాలెండు దేశస్థుడు. 1888 ఫిబ్రవరి 20వ తేదీన అతడు పారిస్ నుండి రైలులో వచ్చి, ఫ్రాన్సు దక్షిణ భాగాన రోన్ నది ఒడ్డున ఉన్న ఆర్ల్ అనే చిన్న పట్టణంలో దిగాడు. అప్పటికి అతనికి ముప్పైయైదవ ఏడు నిండవస్తున్నది. చేతిలో ఉద్యోగం లేదు. పారిస్‌లో చిత్రాల వర్తకశాలలో పనిచేసే తమ్ముడు తియో పంపే సొమ్మే జీవనాధారం. దక్షిణాదిన వెలుగు ఎక్కువగా ఉంటుందనే ఆశతో అతడు అక్కడికి చేరాడు. దిగిన రోజున మాత్రం ఆ ఊరు మంచుతో నిండి ఉన్నది.

రైలు స్టేషనుకు సమీపాన, ఊరి ఉత్తర ద్వారం వెలుపల ప్లాస్ లామార్తీన్ అనే కూడలి ఉండేది. చారిత్రక ప్రాధాన్యమున్న కట్టడాలు గాని, రాజప్రాసాదాలు గాని అక్కడ లేవు. ఆర్ల్‌లో రోమనుల కాలపు రంగస్థలాలకు కొదవ లేదు. యాత్రికులు చూడవచ్చేది వాటినే. లామార్తీన్ కూడలిలో ఒక కిరాణా కొట్టు, ఒక భోజనశాల, స్టేషనుకు వచ్చిపోయేవారి కోసం ఒకటి రెండు కాఫీ దుకాణాలు మాత్రమే ఉండేవి. అక్కడి మూలలో ఒక ఇంటి కుడి భాగాన్ని వాన్ గో నెలకు 15 ఫ్రాంకుల అద్దెకు తీసికొన్నాడు. క్రింద రెండు గదులు, పైన రెండు. మే నెల నుండి దానిని చిత్రశాలగా వాడుకొంటూ, మంచాలు కొనే స్తోమత లేక, సెప్టెంబరు మధ్య వరకు ఆ కూడలిలోని కాఫీ దుకాణపు గదిలో పడుకొన్నాడు.

తియో అదనంగా సొమ్ము పంపిన తరువాత అతడు కొన్న సామగ్రి గమనింపదగినది. రెండు మంచాలతో పాటు పన్నెండు కుర్చీలు కొన్నాడు. ఒంటరివానికి పన్నెండు కుర్చీలెందుకు? ఆ ఇంటిని చిత్రకారులందరూ కలిసి పనిచేసుకొనే ఆశ్రమంగా మలచాలని అతని కోరిక. పరాయి ఊరికి బదిలీ అయి, ఖాళీ క్వార్టరులో మొదటి రాత్రి గడిపిన వారెవరికైనా ఈ కుర్చీల సంగతి సులభంగానే అర్థమవుతుంది.

చిత్రంలో ఉన్నది ఏమిటి?

ఆ ఇంట కాపురం పెట్టిన కొద్ది దినాలకే, 1888 సెప్టెంబరు చివరి వారంలో, వాన్ గో కూడలిలో ఈజెల్ నిలిపి ఆ ఇంటినీ దాని పరిసరాలనూ చిత్రించాడు. దానికి అతడు పెట్టిన పేరు ‘ఇల్లు, దాని పరిసరాలు’ అనే అర్థమిచ్చేది. లోకం దానిని ‘పసుపు ఇల్లు’ అని పిలుస్తున్నది. 72 సెంటీమీటర్ల ఎత్తు, 91.5 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ తైలవర్ణ చిత్రం నేడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉన్నది.

చిత్రంలో సంఘటన అంటూ ఏదీ లేదు. మధ్యలో పసుపు గోడల ఇల్లు, దానికి పచ్చని తలుపులు, కిటికీ రెక్కలు. దానిని ఆనుకొని కిరాణా కొట్టు. ఎడమ ప్రక్కన చెట్టు నీడలో గులాబిరంగు గోడల భోజనశాల. చిత్రకారుడు ప్రతి దినం భోజనం చేసేది అక్కడనే. కుడి వైపున వీధి దూరంగా సాగిపోయి రైలు వంతెన క్రిందికి చేరుతుంది. ఆ వంతెనపై పొగ వదులుతూ ఒక రైలు పోతున్నది. అక్కడక్కడ కొందరు మనుషులు నడుస్తున్నారు. ముందు భాగాన వీధి పొడవునా తవ్విపోసిన మట్టి కుప్పలున్నవి. రోడ్డు తవ్వి మట్టిని అక్కడనే వదిలివేయడం మన పట్టణాలకే ప్రత్యేకమని భావించేవారు ఈ చిత్రాన్ని ఒకసారి చూడవలెను.

వీటన్నింటి మీద ఆకాశం ఉన్నది. అది మధ్యాహ్నపు తెల్లని ఆకాశం కాదు. నీలిమందు కలిపినట్లు గాఢమైన నీలం. ఆ నీలం క్రింద పసుపు గోడలు, పసుపు వీధి, పసుపు మట్టి ఒకే వెలుగులో మండుతున్నట్లుంటాయి. ఈ దృశ్యాన్ని చిత్రించడం కష్టమని, అందువల్లనే దానిని సాధించదలచానని అతడు తమ్మునికి వ్రాశాడు. ఆ జాబులో చిత్రపు నమూనాను కూడ గీచి పంపాడు. అతని పరిచయస్థుడైన ఒక సైనికాధికారికి మాత్రం ఈ చిత్రం నచ్చలేదు. ఒక మామూలు కిరాణా కొట్టును, బిర్రబిగిసిన ఇండ్లను గీయడంలో ఆనందమేమున్నదో అతనికి బోధపడలేదు. నేటికీ చాలామందికి కలిగే సందేహమే అది.

రంగుల వెనుక ఉన్న శాస్త్రం

పసుపు అంతగా వెలగడానికి కారణం పసుపు మాత్రమే కాదు, దాని ప్రక్కనున్న నీలం. ఈ సూత్రాన్ని సశాస్త్రీయంగా వివరించినవాడు ఒక ప్రభుత్వ సంస్థ ఉద్యోగి అన్న విషయం మన పాఠకులకు ఆసక్తికరంగా ఉండవచ్చును. పారిస్‌లోని గోబ్లాన్ అనే ప్రభుత్వ నేతశాలలో మిషెల్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అద్దకపు విభాగానికి అధిపతిగా ఉండేవాడు. నల్లదారపు రంగు వెలవెలపోతున్నదని ఫిర్యాదులు రాగా ఆయన పరీక్షలు జరిపాడు. అద్దకంలో లోపం లేదని, నలుపు ప్రక్కన నేసిన ఇతర రంగుల వల్లనే కంటికి అట్లు తోస్తున్నదని తేల్చాడు. ఏ రంగూ ఒంటరిగా కనిపించదని, ప్రక్క రంగును బట్టి మారుతుందని నిరూపిస్తూ ఆయన 1839లో గ్రంథం ప్రకటించాడు. ఒక నేతశాలకు వచ్చిన ఫిర్యాదు ఈ విధంగా చిత్రకళకు మేలు చేసింది. పట్టుచీర కొనేటప్పుడు ఒంటి రంగును, అంచు రంగును ప్రక్కప్రక్కన పెట్టి చూచే మన గృహిణులకు ఈ సూత్రం కొత్తది కాదు.

రెండవ ఉపకారం తగరపు గొట్టం చేసింది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మూత బిగించగల లోహపు గొట్టంలో తైలవర్ణాన్ని నింపే పద్ధతి కనిపెట్టాడు. అంతవరకు చిత్రశాలలో నూరి కలిపిన రంగులు బయటకు తీసికొని పోవడం ప్రయాసగా ఉండేది. గొట్టాలు రావడంతో చిత్రకారులు కూడలిలోనే నిలబడి రంగులు వేయగలిగారు.

వాన్ గో ఎక్కువగా వాడిన పసుపులలో క్రోమ్ పసుపు ఒకటి. రసాయన పరిభాషలో అది లెడ్ క్రోమేట్. వెలుతురు సోకిన కొలది అది గోధుమ వర్ణానికి తిరుగుతుంది. గ్రెనోబుల్ నగరంలోని యంత్రాగారంలో శక్తివంతమైన ఎక్స్ కిరణాలతో పరీక్షించిన శాస్త్రజ్ఞులు దీని కారణాన్ని 2011లో ప్రకటించారు. కాంతి ప్రభావం వల్ల ఆరు వేలెన్సీ స్థితిలోని క్రోమియం మూడు వేలెన్సీ స్థితికి దిగుతున్నదని వారు కనుగొన్నారు. వెలుగును పట్టుకొనడానికి వాడిన రంగును వెలుగే హరిస్తున్నదన్న మాట. అందువల్లనే మ్యూజియంలలో ఇట్టి చిత్రాలను మితమైన కాంతిలో ఉంచుతారు.

స్టేషనులోని మిత్రుడు

ఆ కూడలిలో వాన్ గోకు లభించిన ఆప్తమిత్రుడు జోసెఫ్ రూలాన్. అతడు కళాకారుడు కాడు, ధనికుడు కాడు. ఆర్ల్ రైలు స్టేషనులో తపాలా సంచుల బాధ్యత చూచే ప్రభుత్వోద్యోగి. అతని ఇల్లు చిత్రంలో కనిపించే వీధి చివరనే, రెండు రైలు వంతెనల నడుమ ఉండేది. బంగారు అంచుల నీలిరంగు యూనిఫారంలో, గుబురు గడ్డంతో కూర్చున్న రూలాన్ చిత్రాలను నేడు ప్రపంచమంతా ఎరుగును. అతని భార్య ఓగుస్తీన్‌ను, కుమారులు ఆర్మాన్, కామీలను, పసిబిడ్డ మార్సెల్‌ను కూడ వాన్ గో చిత్రించాడు. ఈ కుటుంబపు చిత్రాలే ఇరవైకి పైగా ఉన్నవి. కూలి ఇచ్చి మోడళ్లను పెట్టుకొనలేని చిత్రకారునికి ఒక చిరుద్యోగి కుటుంబం ఆ విధంగా అండగా నిలిచింది.

ఆ అండ అవసరమైన రోజులు త్వరలోనే వచ్చాయి. అక్టోబరు 23వ తేదీన చిత్రకారుడు పాల్ గోగాన్ వచ్చి పసుపు ఇంట చేరాడు. ఇద్దరి స్వభావాలు కలియలేదు. రెండు నెలలకే, డిసెంబరు 23వ తేదీ రాత్రి, తీవ్రమైన మనోవ్యాధికి లోనై వాన్ గో తన ఎడమ చెవిని కోసికొన్నాడు. గోగాన్ వెడలిపోయాడు. ఆసుపత్రికి వెళ్ళి పరామర్శించి, తియోకు జాబులు వ్రాయించి, కోలుకొన్న మిత్రుని ఇంటికి చేర్చినవాడు రూలాన్. అయితే కూడలిలో అందరూ రూలాన్ వంటివారు కారు. 1889 తొలి నెలలలో సుమారు ముప్పైమంది స్థానికులు సంతకాలు చేసి అధికారులకు అర్జీ పెట్టగా, పోలీసులు ఆ ఇంటిని మూసివేశారు. అతడు ఎంతో ప్రేమతో చిత్రించిన కూడలి అతనికి తలుపు మూసివేసింది. మే 8వ తేదీన అతడు సెయింట్ రెమీ చికిత్సాలయంలో చేరాడు. 1890 జులై 29వ తేదీన, ముప్పైయేడేండ్ల వయస్సులో, పారిస్ సమీపంలో మరణించాడు.

రాత్రి పూట మరొక కూడలి

పసుపు ఇంటి చిత్రానికి కొద్ది రోజుల ముందు అతడు అదే ఊరిలో మరొక కూడలిని రాత్రివేళ చిత్రించాడు. ప్లాస్ ద్యు ఫోరమ్ అనే ఆ చోట ఒక కాఫీ దుకాణపు అరుగు, గ్యాసు దీపపు వెలుగు, నక్షత్రాలతో నిండిన ఆకాశం ఉన్నవి. రాత్రి చిత్రమైనా ఆకాశానికి నలుపు వాడలేదని, నీలం, ఊదా, ఆకుపచ్చలతోనే పని నెరవేర్చానని అతడు చెల్లెలికి వ్రాశాడు. ఆ చిత్రం నేడు హాలెండులోని క్రాలర్ ముల్లర్ మ్యూజియంలో ఉన్నది. అందులోని పసుపు దీపకాంతి గోడపై పడినందువల్ల వచ్చినది. గోడకు ఆ రంగు లేదు. తరువాతి కాలంలో ఆ దుకాణాన్ని నడిపినవారు చిత్రానికి సరిపోయేటట్లు గోడకే పసుపు రంగు వేయించారు. ఊరిని చూచి చిత్రం వేయడం లోకరీతి. ఇక్కడ చిత్రాన్ని చూచి ఊరే రంగు మార్చుకొన్నది.

ఇల్లు పోయినా చిత్రం మిగిలింది

పసుపు ఇంటి కథ అంత సుఖంగా ముగియలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 25వ తేదీన, మిత్రరాజ్యాల విమానాలు ఆర్ల్‌పై బాంబులు వేశాయి. పసుపు ఇల్లు దెబ్బ తిన్నది. అటు తరువాత దానిని కూల్చివేశారు. చిత్రంలో దాని వెనుక కనిపించే ఎత్తయిన మేడ మాత్రం నేటికీ ఉన్నది. ఇల్లు ఉన్న చోట వాహనాలు తిరిగే రోడ్డు మాత్రమే కనిపిస్తుంది.

ఇక చిత్రం ఏ విధంగా మిగిలింది? విన్సెంట్ మరణించిన ఆరు నెలలకే తియో కూడ మరణించాడు. చంటిబిడ్డతో మిగిలిన అతని భార్య యోహన్నా, అప్పటికి కొనేవారు లేని వందలాది చిత్రాలను పారవేయక దాచింది, ప్రదర్శనలు జరిపించింది, అన్నదమ్ముల జాబులను 1914లో అచ్చు వేయించింది. ఆ బిడ్డ పెరిగి ఇంజనీరు అయ్యాడు. కుటుంబంలో మిగిలిన చిత్రాలను చెదరనివ్వక ఆయన 1962లో ఒక ఫౌండేషనుకు అప్పగించాడు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం తెరవబడింది.

మనకూ ఇట్టి ఉదాహరణ ఉన్నది. రాజమహేంద్రవరపు చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) ఇరవైయెనిమిది ఏండ్లు నిండకుండానే మశూచికం వల్ల మరణించాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం పూనుకొని ఆయన చిత్రాలను కాపాడారు. అందువల్లనే నేడు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట గల చిత్రశాలలో వాటిని చూడగలుగుతున్నాము. చిత్రకారుడు ఒక చోటును రక్షిస్తే, చిత్రకారుని రక్షించినది ఇంటివారూ స్నేహితులూను.

మన ద్వీపాలలో కూడలులు

చిత్రం మిగలడం ఎంత విలువైన విషయమో అండమాన్‌లో నివసించేవారికి వేరుగా చెప్పనవసరం లేదు. శ్రీ విజయపురం ఎదుట, సముద్రంలో కొద్ది నిమిషాల ప్రయాణదూరంలో, పూర్వం రాస్ అని పిలువబడిన ద్వీపం ఉన్నది. 2018లో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. 1858లో శిక్షా కేంద్రం ఏర్పడిన నాటి నుండి ఎనభై ఏండ్లకు పైగా ఆ చిన్న దీవి ఈ ద్వీపాలకు పరిపాలనా కేంద్రం. చీఫ్ కమిషనరు బంగళా, చర్చి, రొట్టెల భట్టీ, నృత్యశాల, బజారు అన్నీ అక్కడ ఉండేవి. అధికారం ఆంగ్లేయులది, రాళ్లు మోసి గోడలు లేపిన చెమట మన దేశపు ఖైదీలది. 1941 జూన్ 26వ తేదీన వచ్చిన భూకంపం ఆ దీవిని కుదిపివేసింది. 1942 మార్చి 23వ తేదీన జపాను సైన్యం దిగింది. 1945 అక్టోబరులో యుద్ధపు నీడ తొలగేటప్పటికి ఆ పట్టణం ముగిసిపోయింది. నేడు మర్రిజాతి చెట్ల వేళ్లు ఇటుక గోడలను పట్టుకొని నిలబెడుతున్నవి. నడుమ జింకలు తిరుగుతున్నవి.

ఆ పట్టణపు ఛాయాచిత్రాలను మనం చూడవచ్చు. వాటిలో గోడ ఎత్తు తెలుస్తుంది, కిటికీల సంఖ్య తెలుస్తుంది. అయితే అవి నలుపు తెలుపు చిత్రాలు. భట్టీ తలుపుకు ఏ రంగు వేశారో, మధ్యాహ్నపు ఎండలో బజారు గోడ ఏ వన్నెలో ఉండేదో వాటి వల్ల తెలియదు. ఆర్ల్‌లోని ఒక కిరాణా కొట్టు రంగు ప్రపంచానికి తెలుసు. మన ఎదుటి దీవిలోని బజారు రంగు మనకు తెలియదు.

ఇది గతించిన కథ మాత్రమే కాదు. సెల్యులార్ జైలు ఏడు విభాగాలలో నేడు మూడు మాత్రమే మిగిలినవి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, దీపస్తంభపు పాదం సముద్రంలో నిలిచింది. ఆ ఉదయపు సునామీలో నికోబార్ దీవుల గ్రామాలు, వాటి ఇండ్లు, తీరపు కొబ్బరి తోటలు తుడిచిపెట్టుకొని పోయాయి. భూమి స్థిరమని నమ్మి కూర్చొనడానికి వీలు లేని చోట మనం ఉన్నాము.

మన కుటుంబాలు చేయగలిగినది

ద్వీపాలకు బదిలీపై వచ్చేవారిలో అనేకులు రెండు మూడేండ్లు గడిపి తిరిగి వెళ్ళిపోతారు. వెళ్ళేటప్పుడు పెట్టెలో ముత్యాల దండ, గవ్వల బొమ్మ, జైలు ముందు తీయించుకొన్న ఫోటో ఉంటాయి. తాము నివసించిన కాలనీ కూడలి, పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడిన మలుపు, సాయంకాలం టీ తాగిన బండి వాటిలో ఉండవు. పదేండ్ల తరువాత ఆ కుటుంబం తలచుకొనేది మాత్రం వాటినే.

కావున మన పిల్లలకు ఒక రంగుల పెట్టె, ఒక డ్రాయింగు పుస్తకం ఇచ్చి, సముద్రపు సూర్యాస్తమయానికి బదులు తమ వీధి మలుపును చిత్రించమని చెప్పవచ్చును. ఇక్కడి వెలుగు విషయంలో ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. మన దేశపు ప్రామాణిక కాలం కంటె ఈ పట్టణపు సూర్యుడు సుమారు 41 నిమిషాలు ముందుగా నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకే పొద్దు గ్రుంకుతుంది. కావున మూడు, మూడున్నర గంటలకే మొదలు పెట్టడం మంచిది. వాన వెలిసిన వెంటనే అబర్డీన్ గడియార స్తంభం వద్ద తడి రోడ్డు మీద దుకాణాల రంగులు ప్రతిఫలించే సమయం మరీ అనుకూలం. నీడకు నలుపు పూయక, అందులో నీలమున్నదా, ఊదా ఉన్నదా అని పరికించమని చెప్పవలెను. గోడ పసుపు ఏ రంగు ప్రక్కన వెలుగుతున్నదో వారే కనిపెట్టగలరు. గీత వంకరపోయినా బాధ లేదు. తవ్విపోసిన మట్టి కుప్ప అడ్డం వస్తే దానిని కూడ వేయవచ్చును.

చిత్రం పూర్తి అయిన తరువాత కాగితం వెనుక తేదీ, స్థలం పేరు, ఎవరి దుకాణం ఎటువైపున్నదో వ్రాయించండి. బదిలీ ఉత్తర్వు వచ్చి సామాను కట్టే రోజున దానిని పాత పుస్తకాలతో అమ్మివేయకుండా పెట్టెలో వేయండి. పన్నెండు కుర్చీలతో ఒక ఖాళీ ఇంటిని నింపాలని చూచిన మనిషి మనకు మిగిల్చిన పాఠం ఇదే. మనం నివసించిన చోటు ఎంత సామాన్యమైనదైనా, ఒకసారి దాని రంగులు శ్రద్ధగా చూచి ఉంచితే, ఆ తరువాత దానిని బాంబు గాని, భూకంపం గాని, బదిలీ గాని మన నుండి తీసికొనలేవు.